మార్చిచ్చిన ఫోన్ కూడా కాలితే?

(విజయవాడలో మొబైల్ షాపుల ఓనర్లు, సర్వీస్ టెక్నీషియన్లు కలుసుకున్నప్పుడు ఒక సీనియర్ డీలర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాశాం. సభలోంచి వచ్చినవి బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినపడుతుందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి తమ్ముడూ, మైక్‌లో హోరు వస్తుంది. ఆ, ఇప్పుడు బానే ఉంది.

నన్ను మాట్లాడమన్న విషయం ఏంటంటే, కంపెనీ వాడు ఒక ఫోన్ అమ్మేసి, తర్వాత ఇది డేంజర్ అండీ వెనక్కిచ్చేయండి అని రీకాల్ చేస్తే, ఆ ఫోన్ కొనుక్కున్నోళ్ళు కంపెనీని ఏమనుకుంటారు, మళ్ళీ ఆ కంపెనీ ఫోన్ కొంటారా కొనరా అని. కౌంటర్ వెనకాల నిలబడేది మనమే కాబట్టి తిట్లూ మనకే, ప్రశ్నలూ మనకే. దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, శాంసంగ్ గెలాక్సీ నోట్ 7, 2016.

(నవ్వులు)

చూశారా, పేరు చెప్పగానే నవ్వు వచ్చేసింది. ఇప్పుడు ఒక మాట అడుగుతాను, ఇక్కడున్న వాళ్ళలో నోట్ 7 అమ్మినోళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఎవరూ లేరు. ఉండరు కూడా, ఎందుకంటే మన దేశంలో కంపెనీ ఆ ఫోన్ ఒక్క పీస్ కూడా అఫీషియల్‌గా అమ్మలేదు. మనం చూడలేదు, అమ్మలేదు, మన కస్టమర్ కొనలేదు, అయినా అందరికీ తెలుసు, అందరూ నవ్వుతున్నారు. ఫోన్ వాడినోడికి ఉండే అభిప్రాయం వేరు, వినినోడికి ఉండే అభిప్రాయం వేరు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ తేడా చుట్టూనే తిరుగుద్ది.

ముందు ఫోన్ సంగతి కొంచెం. 2016 ఆగస్టు 2న న్యూయార్క్‌లో చూపించారు, 19న కొరియాలో, అమెరికాలో అమ్మకం మొదలుపెట్టారు. 5.7 ఇంచుల కర్వ్ డిస్‌ప్లే, కంటిపాప చూసి లాక్ తీసే స్కానర్, నీళ్ళలో పడినా పాడవదు, పెన్ను సరే సరి, 3,500 ఎంఏహెచ్ బ్యాటరీ. రివ్యూలు రాసేవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు, అందులో అబద్ధం కూడా ఏం లేదు, అప్పటికి అంత మంచి ఆండ్రాయిడ్ ఫోన్ లేదనే నేనూ అంటాను. మన దగ్గర ఆగస్టు 11న లాంచ్ చేశారు, 59,900 రూపాయలు, అమ్మకం సెప్టెంబర్ 2 నుంచి అన్నారు, బుకింగులు కూడా తీసుకున్నారు. సరిగ్గా ఆ సెప్టెంబర్ 2నే సియోల్‌లో మొబైల్ డివిజన్ హెడ్ కో డాంగ్-జిన్ ప్రెస్ ముందుకొచ్చి తలొంచుకుని చెప్పాడు, బ్యాటరీలో లోపం ఉంది, అమ్మకాలు ఆపేస్తున్నాం, అమ్మినవన్నీ మార్చిస్తాం అని.

అప్పటికి వాళ్ళ లెక్కలోకి వచ్చిన కేసులు 35. వెనక్కి పిలిచిన ఫోన్లు 25 లక్షలు.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. 35 కేసులకి 25 లక్షల ఫోన్లు మార్చిస్తానన్నోడి మీద ఓనర్లకి కోపం రావాలా, గౌరవం రావాలా? చాలామందికి గౌరవమే వచ్చింది. కోపం లేదని కాదు, అంత డబ్బు పోసి కొన్న ఫోన్ పట్టుకుని మళ్ళీ షాపుకి తిరగాలంటే ఎవడికైనా చిరాకే, కానీ కంపెనీ దాచలేదు, రెండు వారాలకే బయటపడి చెప్పింది అనే మాట ఓనర్ల నోట్లోంచే వచ్చింది. మన షాపుల్లోనూ చూస్తూనే ఉంటాం కదా, పీస్ పాడైందని వచ్చిన కస్టమర్‌కి ఎదురు మాట్లాడకుండా కొత్తది చేతిలో పెడితే వాడు అసలేమీ పాడవని కస్టమర్ కంటే గట్టిగా మన షాపు పేరు చెప్తాడు, పక్కింటోళ్ళని కూడా తీసుకొస్తాడు. మొదటి రీకాల్ అప్పుడు శాంసంగ్ సరిగ్గా ఆ స్థితిలో ఉంది.

చెయ్యాల్సిన పద్ధతిలో మాత్రం గందరగోళం చేశారు, అది కూడా చెప్పాలి. అమెరికాలో ఇలాంటివి చూడ్డానికి ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అని. కంపెనీ తనంతట తాను సెప్టెంబర్ 2న చెప్పేస్తే, ఆ కమిషన్ అధికారికంగా రీకాల్ ప్రకటించింది సెప్టెంబర్ 15న. మధ్యలో ఆ రెండు వారాలు ఓనర్ పరిస్థితి ఆలోచించండి, విమానాల మీద అజమాయిషీ చేసే అక్కడి ప్రభుత్వ సంస్థేమో విమానంలో ఆన్ చెయ్యొద్దు చార్జింగ్ పెట్టొద్దు అంటుంది, కమిషనేమో వాడొద్దు అంటుంది, షాపోడేమో కొత్త స్టాక్ ఇంకా రాలేదండీ అంటాడు. మరి ఈలోగా ఫోన్ లేకుండా ఎట్లా? ఫొటోలు అందులోనే, బ్యాంకు అందులోనే, ఆఫీసు మెయిళ్ళు అందులోనే. వాడకం ఆపినోళ్ళు ఆపారు, ఆపనోళ్ళు దిండు కింద పెట్టుకోకుండా టేబుల్ మీద పెట్టి పడుకున్నారు, అంతే. అధికారిక రీకాల్ వచ్చేసరికి ఒక్క అమెరికాలోనే 92 ఫోన్లు వేడెక్కినట్టు రిపోర్టులు, వాటిలో 26 మందికి కాలిన గాయాలు, 55 చోట్ల ఆస్తి నష్టం. కార్లో కాలింది, గ్యారేజ్‌లో కాలింది.

సరే, కొత్త ఫోన్లు వచ్చాయి. డబ్బా మీద గుర్తు వేశారు, స్క్రీన్ పైన బ్యాటరీ బొమ్మ తెల్లగా ఉండేదాన్ని పచ్చగా మార్చారు. పచ్చ బ్యాటరీ కనపడితే సేఫ్. ఇది చాలా తెలివైన పని అని నేను అప్పట్లో అనుకున్నాను, ఎందుకంటే ఓనర్‌కి ధైర్యం కావాలి, ఆ ధైర్యం రోజుకి వందసార్లు స్క్రీన్ చూసినప్పుడల్లా కనపడాలి. విమానం ఎక్కేటప్పుడు ఎవరైనా అడిగితే ఇదిగో పచ్చ బ్యాటరీ అని చూపించొచ్చు. మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ కూడా సెప్టెంబర్ 9న నోట్ 7 విమానంలో వాడొద్దని చెప్పి, నెలాఖరుకి ఈ పచ్చ గుర్తు ఉన్నవాటికి సడలింపు ఇచ్చింది. అమెరికాలో మార్చుకున్నోళ్ళలో ఎక్కువమంది మళ్ళీ నోట్ 7నే తీసుకున్నారు, డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు, వేరే మోడల్ తీసుకోవచ్చు, అయినా అదే ఫోన్ కావాలన్నారు. అంతకంటే నమ్మకం ఏం కావాలండీ ఒక కంపెనీకి?

అక్టోబర్ 5. అమెరికాలో లూయివిల్ ఎయిర్‌పోర్ట్. సౌత్‌వెస్ట్ విమానం బాల్టిమోర్ వెళ్ళాలి, ఇంకా కదల్లేదు, జనం ఎక్కి కూర్చున్నారు. ఒకాయన జేబులోంచి పొగ. తీసి కింద పడేశాడు, కార్పెట్ కాలింది, అందర్నీ దింపేశారు. పెద్ద దెబ్బలు ఎవరికీ తగల్లేదు. కానీ ఆ ఫోన్ మార్చిచ్చిన ఫోన్. పచ్చ బ్యాటరీ ఫోన్. పైగా విమానం సిబ్బంది చెప్పారని అప్పటికే ఆఫ్ చేశానని ఆయన చెప్పాడు.

ఇక అక్కణ్ణుంచి రోజుకొకటి. అక్టోబర్ 10న అమ్మకాలు, మార్పిళ్ళు ఆపెయ్యమన్నారు, 11న ఆ మోడల్ తయారీయే శాశ్వతంగా ఆపేస్తున్నామన్నారు. 13న కమిషన్ రీకాల్‌ని పెంచి అమెరికాలో 19 లక్షల ఫోన్లకి వర్తింపజేసింది. 15 నుంచి అమెరికాలో ఏ విమానంలోకీ ఆ ఫోన్ తేకూడదు, ఆఫ్ చేసినా సరే, బ్యాగులో పెట్టినా సరే.

నా అభిప్రాయం చెప్తాను, కాదనేవాళ్ళు తర్వాత వాదించండి. నోట్ 7 పరువు తీసింది మొదట కాలిన 35 ఫోన్లు కావు. మార్చిచ్చిన ఫోన్లే. మొదటిసారి కాలినప్పుడు అది యాక్సిడెంట్, ఓనర్ క్షమిస్తాడు. మార్చిస్తూ ఇది సేఫ్ అని చెప్పి, గుర్తు కూడా వేసి ఇచ్చాక కాలితే, కంపెనీకి అసలు కారణమే తెలియకుండా సేఫ్ అని చెప్పిందన్నమాట. ఆ రెండోసారి మోసపోయినోడు ఎవడు? కంపెనీని అందరికంటే ఎక్కువ నమ్మి, డబ్బులు వద్దు అదే ఫోన్ ఇవ్వు అన్నోడు. అదీ విచిత్రం.

టెక్నీషియన్ తమ్ముళ్ళు ఉన్నారు కాబట్టి లోపల ఏం జరిగిందో కూడా చెప్పుకుందాం, మనకి ఇది పని కదా. ఫోన్ బ్యాటరీ లోపల రాగి రేకు మీద నెగెటివ్ పూత, అల్యూమినియం రేకు మీద పాజిటివ్ పూత, మధ్యలో సెపరేటర్ అని పల్చటి ప్లాస్టిక్ పొర, ఈ మూడిటినీ కలిపి మన మామిడి తాండ్ర చుట్టినట్టు చుట్టి పౌచ్‌లో పెడతారు. పాజిటివ్, నెగెటివ్ ఎక్కడా తగలకూడదు, తగిలితే షార్ట్, షార్ట్ అయితే వేడి, వేడెక్కితే లోపలి ద్రవం మండుద్ది. మొదటి బ్యాచ్ ఫోన్లలో ఉన్నది శాంసంగ్ ఎస్‌డీఐ బ్యాటరీ. దాని పౌచ్‌లో లోపల చోటు సరిపోక పైన కుడి మూల నెగెటివ్ రేకు వంగిపోయింది. చార్జ్ ఎక్కినప్పుడు బ్యాటరీ కొంచెం ఉబ్బుద్ది, దిగినప్పుడు తగ్గుద్ది, అది మామూలే, కానీ ఆ వంగిన మూల దగ్గర ఆ కదలికకి చోటు లేదు, సెపరేటర్ నలిగింది.

మార్చిచ్చిన ఫోన్లలో ఉన్నది ఇంకో కంపెనీది, ఏటీఎల్ వాళ్ళది. దాని డిజైన్‌లో ఆ మూల జబ్బు లేదు. మొదటి బ్యాటరీ మీద వేటు పడగానే బరువంతా ఈ సప్లయర్ మీద పడింది. ఇందులో పాజిటివ్ ట్యాబ్‌ని అతికించిన చోట వెల్డింగ్ ముళ్ళలాగా పైకి లేచి, ఇన్సులేషన్ టేపుని, సెపరేటర్‌ని గుచ్చుకుని అవతలికి పోయింది. కొన్నిటికి ఆ టేపే వెయ్యలేదు. అంటే ఒకే ఫోన్‌లో రెండు వేరే వేరే బ్యాటరీలు, రెండు వేరే వేరే కారణాలు, ఫలితం ఒకటే. మొదటిదాన్ని తీసేసి రెండోది పెట్టి హమ్మయ్య అనుకున్నారు, రెండోదాన్ని మొదటిదంత అనుమానంగా చూడలేదు. మనం కూడా సర్వీసులో ఇదే చేస్తాం సార్, ఒక ఫాల్ట్ దొరగ్గానే మూసి స్క్రూలు బిగించేస్తాం. రెండో ఫాల్ట్ కస్టమర్ ఇంటికెళ్ళాక బయటపడుద్ది.

(సభలోంచి: "కరెక్ట్ అన్నా!")

ఇక ఫోన్ వెనక్కి పంపడం ఎట్లా అనేది చూడండి. అమెరికాలో ఓనర్ల ఇళ్ళకి ఒక డబ్బా పంపారు. డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా, లోపల వేడి తట్టుకునే లైనింగ్, ఫోన్ పెట్టుకోడానికి కవరు, చేతికి వేసుకోడానికి గ్లౌజులు. పైన విమానంలో పంపరాదు, రోడ్డు మీదే పంపాలి అని రాసి ఉంటుంది. సేఫ్టీ పరంగా వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, నేను తప్పు పట్టను. కానీ ఓనర్ వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా చెవికి ఆనించి మాట్లాడిన వస్తువు, పిల్లాడి చేతికిచ్చి బొమ్మలు చూపించిన వస్తువు, ఇప్పుడు దాన్ని ముట్టుకోడానికి గ్లౌజులు వేసుకోమంటున్నారు. ఎన్ని యాడ్లు వేస్తే ఆ గ్లౌజుల ముద్ర పోవాలి? నవంబర్‌లో అక్కడి పెద్ద పేపర్లలో పేజీ నిండా క్షమాపణ వేశారు, వేసినా జనానికి గుర్తున్నది డబ్బా, గ్లౌజులే.

దానికి తోడు విమానాల్లో అనౌన్స్‌మెంట్. సీటు బెల్టు పెట్టుకోండి, పొగ తాగకండి, మీ దగ్గర శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఉంటే ఎక్కొద్దు. 2017 జనవరి దాకా ఎక్కే ముందు ఈ మాట చెప్పాలని అక్కడ రూలే ఉంది. కంపెనీ పేరు, మోడల్ పేరు రెండూ కలిపి, ప్రతి విమానంలో, ఆ ఫోన్ జన్మలో చూడనోళ్ళకి కూడా. కోట్లు పోసినా రాని పబ్లిసిటీ అది, కాకపోతే తిరగబడ్డ పబ్లిసిటీ. ఆ డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బోస్టన్ వెళ్ళే విమానంలో ఎవడో కొంటె వెధవ తన వైఫై హాట్‌స్పాట్‌కి గెలాక్సీ నోట్ 7 అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు చూసి సిబ్బంది మైక్‌లో ఆ ఫోన్ ఎవరిదో బయటపెట్టమని అడిగారు, విమానమంతా టెన్షన్, చివరికి తేలింది ఉత్త పేరే అని. ఒబామా కూడా తన ఆరోగ్య బీమా చట్టం గురించి చెప్తూ కొత్త ఫోన్లో లోపాలుంటే సరిచేస్తారు, మంటలొస్తే తప్ప, అని జోకేశాడు. ఒక వీడియో గేమ్‌లో బాంబుల బదులు నోట్ 7 విసిరేటట్టు ఎవరో మార్చి వీడియో పెడితే శాంసంగ్ కాపీరైట్ అని తీయించింది, తీయించాక ఇంకా పాకింది. అది నోరు మూసుకుని ఊరుకోవాల్సిన చోట మాట్లాడ్డం.

ఇప్పుడు లెక్కలు. అమెరికాలో హ్యారిస్ పోల్ అని ఏటా పెద్ద కంపెనీల పరువు కొలిచే సర్వే ఉంది, జనాన్ని అడుగుతారు, వాడినా వాడకపోయినా. దాంట్లో 2016లో 7వ స్థానంలో ఉన్న శాంసంగ్ 2017కి 49కి పడింది. ఇది విన్నోళ్ళ అభిప్రాయం. అదే రోజుల్లో, 2016 చివర్లో, రాయిటర్స్ ఇప్సోస్ కలిసి ఇంకో సర్వే చేశాయి, అందులో శాంసంగ్ ఫోన్ వాడుతున్నవాళ్ళని మళ్ళీ శాంసంగ్ కొంటారా అని అడిగితే 91 శాతం కొనే అవకాశం ఉందన్నారు. ఐఫోన్ వాడేవాళ్ళకీ ఇంచుమించు అంతే వచ్చింది.

ఎందుకంత తేడా? నాకు తోచింది ఏంటంటే, వాడేవాడి చేతిలో ఇంకో శాంసంగ్ ఫోన్ బానే పనిచేస్తుంది, ఇంట్లో టీవీ ఉంది, ఫ్రిజ్ ఉంది, ఏవీ కాల్లేదు. వాడికి నోట్ 7 ఒక మోడల్. వాడనోడికి మాత్రం శాంసంగ్ అంటే ఇక ఆ అనౌన్స్‌మెంట్ ఒక్కటే. అందుకని రీకాల్ దెబ్బ పాత కస్టమర్ కంటే రాబోయే కస్టమర్ మీద గట్టిగా పడుద్ది అంటాను.

నోట్ 7 ఓనర్లలోనే ఇంకో రకం ఉన్నారు, ఇవ్వం అన్నోళ్ళు. ఇచ్చెయ్యండి బాబూ అని కంపెనీ బతిమాలింది, అమెరికాలో డబ్బులు వాపసు తీసుకుంటే 25 డాలర్లు, మా ఫోనే ఇంకోటి తీసుకుంటే 100 డాలర్లు అదనంగా ఇస్తామంది. అయినా కొందరు ఇవ్వలేదు. ఏమన్నారు? నాది బానే ఉంది, దీనికి సాటి ఫోన్ ఇంకోటి చూపించు అన్నారు. చివరికి డిసెంబర్‌లో అప్‌డేట్ పంపి అసలు చార్జే ఎక్కకుండా చేశారు. వెరైజాన్ అనే నెట్‌వర్క్ మొదట ఆ అప్‌డేట్ పంపనంది, పండగ ప్రయాణాల్లో ఉన్నోళ్ళకి అత్యవసరంలో ఫోన్ లేకపోతే ఎట్లా అని. తన ఫోన్‌ని ఎక్కువగా ప్రేమించినోడి చేతిలోంచే కంపెనీ లాక్కోవాల్సి వచ్చింది. మొత్తం మీద 30 లక్షల పైచిలుకు ఫోన్లలో 96 శాతం వెనక్కి వచ్చాయని 2017 జనవరిలో చెప్పారు. ఒక రీకాల్‌కి 96 శాతం రావడం అంటే మాటలు కాదు.

మన దగ్గరికొద్దాం. ఇక్కడ ఓనర్లే లేరు, ఉన్నదంతా విన్నోళ్ళే, అందుకని ఇక్కడ భయం పేరుకి పట్టుకుంది. 2016 సెప్టెంబర్ 23న ఇండిగో విమానం సింగపూర్ నుంచి చెన్నై వస్తుంటే పైన సామాన్ల అరలోంచి పొగ వచ్చింది. చూస్తే నోట్ 2. నోట్ 7 కాదు, నాలుగేళ్ళ పాత మోడల్. సిబ్బంది ఆర్పి, నీళ్ళలో పడేసి, బాత్‌రూమ్‌లో పెట్టారు. డీజీసీఏ శాంసంగ్ వాళ్ళని పిలిపించింది. ఇక చూస్కోండి, నోట్ అన్న పేరున్న ప్రతిదీ అనుమానమే. నా కౌంటర్ దగ్గర తొమ్మిది వేల రూపాయల శాంసంగ్ జే2 కొనడానికొచ్చిన పెద్దాయన కూడా ఇది పేలేదేగా బాబూ అని అడిగాడు. నేను బ్యాక్ కవర్ తీసి, బ్యాటరీ ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టాను, చూడండి బాబాయ్, దీనికి బ్యాటరీ ఊడుద్ది, దానికి ఊడదు, రెండూ వేరు అని. నిజానికి ఊడినంత మాత్రాన సేఫ్ అని కాదు, కానీ చేతిలో పట్టుకుని చూశాక ఆయన మొహంలో భయం పోయింది, బిల్లు వేయించుకున్నాడు.

ఇంకా ఏంటంటే, మన మార్కెట్లో శాంసంగ్‌ని ఒకటో నంబర్ నుంచి దింపింది నోట్ 7 కాదు. 2017 జనవరిలో 9,999కి మొదలైన రెడ్‌మీ నోట్ 4. ఆ ఏడాది చివరికి దాని కంపెనీ షావోమీ పైకొచ్చింది. పేరులో నోట్ అని ఉన్నా జనం ఫ్లాష్ సేల్‌లో ఎగబడి కొన్నారు. అంటే మనోళ్ళ భయం రేటు ముందు ఎంతసేపు నిలబడుద్దో మీరే అర్థం చేసుకోండి.

పాతోళ్ళకి 2007 గుర్తుండే ఉంటుంది. నోకియా బీఎల్-5సీ బ్యాటరీ. అదీ ఆగస్టే. 1100, 1600, 6600, ఎవరి చేతిలో చూసినా ఆ బ్యాటరీయే. మత్సుషితా అనే జపాన్ కంపెనీ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్యలో చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కొచ్చు, కావాలంటే ఫ్రీగా మార్చిస్తాం అని నోకియా చెప్పింది. ప్రపంచం మొత్తం మీద అప్పటికి వంద కేసుల దాకా. మార్చుకోవాలా వద్దా తెలియాలంటే బ్యాటరీ వెనకాల ఉన్న 26 అంకెల నంబర్ చూడాలి. 26 అంకెలు! చీమతలకాయంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుని రాసిచ్చిన కుర్రాళ్ళు ఈ హాల్లోనే ఉండుంటారు.

(నవ్వులు. ఎవరో: "నేను రాశా!")

నువ్వు రాశావా? అయితే నీకు తెలుసు. ఇంటర్నెట్ అందరికీ లేని రోజులు, జనమంతా మన దగ్గరికీ కేర్ సెంటర్‌కీ వచ్చి పడ్డారు. బ్యాటరీ తీసి గ్లాసు బల్ల మీద పెట్టి వేలితో తిప్పేవాళ్ళం, గిర్రున తిరిగితే ఉబ్బింది, తిరక్కుండా ఆగితే బానే ఉంది. రీకాల్‌కీ ఆ పరీక్షకీ సంబంధమే లేదు, ఉబ్బడం వేరు, ఆ బ్యాచ్ లోపం వేరు, కానీ కస్టమర్‌కి కళ్ళ ముందు ఏదో ఒకటి జరగాలి. అంత పెద్ద రీకాల్ జరిగినా నోకియా పరువు మన దగ్గర ఇంత కూడా తగ్గలేదు. ఎందుకంటే ఓనర్ పోగొట్టుకుంది ఒక బ్యాటరీ. ఫోన్ అతని దగ్గరే ఉంది, సిమ్ అందులోనే, నంబర్లు అందులోనే. పైగా మార్చిచ్చిన బ్యాటరీ మళ్ళీ వేడెక్కలేదు. అదీ అసలు తేడా. నోకియా తర్వాత పడిపోయిందంటే దానికి కారణాలు వేరు, బ్యాటరీ కాదు.

శాంసంగ్ ఎట్లా లేచింది అనేది త్వరగా చెప్పేస్తాను, టైం అయిపోతుంది. 2017 జనవరి 23న సియోల్‌లో ప్రెస్ మీట్ పెట్టి, 700 మంది ఇంజనీర్లతో 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలు పరీక్ష చేశాం, బయటి సంస్థలు యూఎల్, ఎక్స్‌పోనెంట్, టీయూవీ రైన్‌ల్యాండ్‌తో కూడా చేయించాం, ఇదిగో కారణం అని బొమ్మలేసి చూపించారు. ఇందాక నేను చెప్పిన వంగిన మూల, వెల్డింగ్ ముల్లు, అవన్నీ అప్పుడు వాళ్ళు చూపించినవే. నష్టం సుమారు 530 కోట్ల డాలర్లని అంచనా. ఏప్రిల్‌లో వాళ్ళ కొత్త ఫోన్ గెలాక్సీ ఎస్8 వచ్చింది, కొరియాలో ముందస్తు బుకింగులే 10 లక్షలు దాటాయి. జులైలో అయితే పాత నోట్ 7నే 3,200 ఎంఏహెచ్ చిన్న బ్యాటరీతో నోట్ ఫ్యాన్ ఎడిషన్ అని పేరు పెట్టి కొరియాలో 4 లక్షల ఫోన్లు పెట్టారు. ఊరంతా నవ్విన ఫోన్‌ని బ్యాటరీ మార్చి మళ్ళీ ధైర్యంగా అమ్మారు, కొనేవాళ్ళున్నారు. ఆగస్టులో నోట్ 8, 3,300 ఎంఏహెచ్. నోట్ అనే పేరు తీసేస్తారని అంతా అనుకున్నారు, అప్పుడైతే తియ్యలేదు.

వాళ్ళకిది కొత్త కూడా కాదు. 1995లో చైర్మన్ లీ కున్-హీ తను కానుకగా పంచిన ఫోన్లు పనిచెయ్యట్లేదని తెలిసి, గుమి ఫ్యాక్టరీ దగ్గర రెండువేల మంది స్టాఫ్‌ని నిలబెట్టి లక్షన్నర ఫోన్లూ సామాన్లూ సుత్తితో కొట్టించి తగలబెట్టించాడు. అప్పుడు వాళ్ళ మంట వాళ్ళే పెట్టుకున్నారు, కథలాగా చెప్పుకున్నారు. ఇరవై ఒక్కేళ్ళకి మంట కస్టమర్ జేబులో వచ్చింది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. ఆ నీలం చొక్కా తమ్ముడు.

("అన్నా, మన దేశంలో ఇట్లా రీకాల్ చెయ్యమని కంపెనీని అడిగే దిక్కుందా?")

ఇప్పుడుంది. 2019 వినియోగదారుల చట్టం కింద 2020 జులైలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వచ్చింది, ప్రమాదకరమైన వస్తువుని వెనక్కి తీసుకోమని ఆర్డర్ వేసే అధికారం దానికుంది. కానీ ఆర్డర్ వెయ్యాలన్నా, కంపెనీ తనంతట తాను చెయ్యాలన్నా ముందు కేసులు కాగితం మీదకి రావాలి. శాంసంగ్ 35 అని చెప్పగలిగిందంటే ఆ 35 ఎక్కడో రాసి ఉన్నాయి కాబట్టి. మన దగ్గర ఏం చేస్తాం? ఉబ్బిన ఫోన్ వస్తే బ్యాటరీ తీసి డ్రాయర్లో పడేసి, కొత్తది వేసి, ఆరొందలు తీసుకుని పంపించేస్తాం. అది ఎవరి లెక్కలోకీ రాదు.

("మరి వారంటీలో ఉన్న ఫోన్ ఉబ్బి వస్తే మనం ఓపెన్ చెయ్యొచ్చా సార్?")

చెయ్యొద్దమ్మా. ఓపెన్ చేస్తే రేపు కంపెనీవాడు తప్పు నీ మీదకి తోస్తాడు, కస్టమర్ వారంటీ కూడా పోద్ది. స్విచాఫ్ చెయ్యి, చార్జింగ్ పెట్టి చూద్దాం అనే పని అసలు చెయ్యొద్దు, ఫోన్‌కి పైన తొడిగిన కవర్ మాత్రం తీసేసి పక్క నుంచి ఉబ్బు కనపడేట్టు ఫొటో తియ్యి, ఐఎంఈఐ నంబర్ రాసుకో, ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి పంపు. అక్కడ జాబ్ షీట్ మీద ఊరికే బ్యాటరీ ప్రాబ్లమ్ అని రాస్తారు, కస్టమర్‌కి ముందే చెప్పు, బ్యాటరీ ఉబ్బింది, వేడెక్కింది అని అదే మాట రాయించుకుని ఒక కాపీ తెచ్చుకోమని. వాళ్ళు రాయనంటే కంపెనీకి మెయిల్ పెట్టించు, ఫొటో జతచేసి. ఇంకెవరైనా?